ఆవలి కొస

కర్రను పాలవ్యాను డ్రైవరు చేతిలో పెట్టి, "ఆ చివర మా బావకివ్వండి" అన్నాడు జెండాయన.

ఇరవై రెండేళ్లుగా రోజుకు ఇరవైసార్లు అంటున్న మాటే. డ్రైవరు కర్రను చూశాడు, ఎర్రజెండాను చూశాడు. మనిషి మొహం చూడలేదు. ఎవరూ చూడరు.

కొండను తొలిచి హైవేను వెడల్పు చేస్తున్నారు. కిలోమీటరు మేర ఒక్క వరుస దారే మిగిలింది. మలుపుల వల్ల ఈ కొస నుంచి ఆ కొస కనపడదు. అందుకే రోడ్ల శాఖ పాత పద్ధతి పెట్టింది. ఒకవైపు నుంచి వెళ్లే ఆఖరి బండి ఎర్రరంగు కర్రను మోసుకెళ్లాలి. కర్ర చేతికందాకే అవతలివైపు బండ్లు కదలాలి.

అవతల ఉండేది అతని అక్క మొగుడు. ఈ ఉద్యోగం ఇప్పించిందీ అతనే.

పదకొండున్నరకు వాకీటాకీ గరగరలాడింది.

"ఒరేయ్, ఎడంచెయ్యి ఎందుకో లాగుతోందిరా. ఈ విడత దాటించి షెడ్డులో కాస్త నడుం వాలుస్తా."

"పని ఎగ్గొట్టడానికి నీకు ఏ చెయ్యైతేనేం బావా."

"నవ్వు, నవ్వు. నీ వయసు కూడా ఇటే వస్తోంది."

ఆ తర్వాత వాకీటాకీ మూగబోయింది. బ్యాటరీ అయిపోయిందనుకున్నాడు. పన్నెండుంబావుకు కర్ర వచ్చింది. 'పడుకోలేదన్నమాట' అని నవ్వుకున్నాడు. కర్ర మాత్రం చల్లగా ఉంది, బావిలోంచి తీసినట్టు.

ఒంటిగంటకు వాన మొదలైంది. కర్ర వెళ్తోంది, వస్తోంది. మూడోసారి తెచ్చిన లారీ డ్రైవరును ఆపి అడిగాడు.

"మా బావ ఎలా ఉన్నాడండీ?"

"ఎవరు, ఆ జాకెట్టాయనా? ఉన్నాడుగా."

రెండున్నరకు ఆరోసారి వచ్చింది. కారు నడుపుతున్నావిడ అద్దం దించి కర్ర ఇచ్చింది.

"ఇంక ఎవర్నీ పంపొద్దన్నాడండీ అక్కడాయన."

"ఎందుకట?"

"చెప్పలేదు. కొండకేసి చెయ్యి చూపించాడు."

తలెత్తి చూశాడు. కొండ ఎప్పటిలాగే ఉంది. తన వైపు వరుసలో ముందున్నది స్కూలు బస్సు. కిటికీల్లో పిల్లలు అద్దం మీద ఆవిరిలో బొమ్మలు గీస్తున్నారు.

"బావా" అని వాకీటాకీలో పిలిచాడు. సుయ్యిమన్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

కిందటి నెల ఒక రాయి దొర్లిందని తను అరగంట రోడ్డు ఆపాడు. ఏమీ జరగలేదు. ఇంకోసారి ఇలా చేస్తే ఇంటికే అని ఇంజనీరు కాగితం మీద రాసిచ్చాడు.

"కర్ర వచ్చిందిగా, ఇంకేంటి? రోడ్డేమన్నా మీ తాతదా?" అన్నాడు బస్సు డ్రైవరు.

"కాదండీ. మా బావ ఆగమన్నాడు."

డ్రైవరు రోడ్డు పక్క శాఖ బోర్డు మీదున్న నంబరుకు ఫోన్ కొట్టి, అతని చెవికి ఆనించాడు. అవతల ఇంజనీరు.

"పంపు. లేదంటే రేపట్నుంచి రావక్కర్లేదు."

ఇంట్లో సంపాదించేది తనొక్కడే. ఫోన్ తిరిగిచ్చేశాడు. బస్సుకు ఎదురుగా వెళ్లి, బంపరు మోకాళ్లకు తగిలేంత దగ్గరగా నిలబడ్డాడు. వెనక హారన్లు చెవులు చిల్లులు పొడుస్తున్నాయి. జెండా పట్టుకున్న చెయ్యి దించలేదు.

పదకొండో నిమిషంలో కొండ జారింది. పెద్ద శబ్దమేమీ కాదు, బస్తాలోంచి ధాన్యం పోసినట్టు. మలుపు అవతల దారి లేదు. హారన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

కొండ వెనక కాలిబాట పట్టి ఆవలి కొస చేరేసరికి నాలుగున్నర. షెడ్డు ముందు ఎవరో పిలిపించిన అంబులెన్సు ఉంది. బావ బల్ల మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు, జాకెట్ మడిచి తలకింద పెట్టుకుని. జాకెట్ పొడిగా ఉంది. డాక్టరు అతని దవడ తాకి చూశాడు.

"గుండెపోటు. మధ్యాహ్నం పన్నెండింటికే పోయుంటాడు. దవడ ఇప్పటికే బిగుసుకుపోయింది."

"రెండున్నరకు కర్ర పంపాడండీ."

డాక్టరు అతనివైపు జాలిగా చూసి కాగితంలో పన్నెండు అని రాశాడు. ఆ వైపు ఆగిపోయిన బండ్ల దగ్గరకెళ్లి ఒక్కొక్కర్నీ అడిగాడు జెండాయన. జాకెట్టాయన్ని అందరూ చూశామన్నారు. మొహం ఎలా ఉందో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు.

తిరిగొచ్చి బావ పాదాలు పట్టుకున్నాడు. పొడిగా, శుభ్రంగా ఉన్నాయి.

బయట, రోజూ బావ నిలబడేచోట, రోడ్డు అంచున అతని బూట్లు పక్కపక్కనే ఉన్నాయి. చీలమండలదాకా తడిబురద, మొనలు రెండూ కొండవైపు.