వంజరం ముల్లు

చేపలు పట్టేవాడి గొంతులో చేప ముల్లు ఇరుక్కుంటే రేవులో మొహం ఎక్కడ పెట్టుకుంటాడు? అదీ వంజరం ముల్లు. నడుమ ఉన్నదే ఒక్క ఎముక, పసిపిల్లలకు కూడా భయం లేకుండా పెట్టే చేప. ముప్పై ఏళ్లుగా నిజాంపట్నం రేవులో బోటెక్కుతున్న నాకు అదే అడ్డం పడింది.

తప్పు నాది కాదు, నా బావమరిది సాయికుమార్‌ది. ఏడో తరగతితో బడి మానేసిన నేను ఇంకా కూలికే వెళుతుంటే, నిన్నగాక మొన్న మీసాలొచ్చిన వాడు సొంత బోటు కొన్నాడు. మధ్యాహ్నం అన్నం తింటూ వాడి గురించి నాలుగు మాటలు అంటున్నాను. నాలుగో మాట దగ్గర ముల్లు దిగింది.

మావాళ్లందరూ చేసేదే నేనూ చేశాను. ఉత్త అన్నం గట్టిగా ముద్ద చేసి నమలకుండా మింగాను. పోలేదు. ఇంకోటి మింగాను. ఐదో ముద్దకి ఛాతీలో ఏదో చిరిగినట్టయింది. ముల్లు సంగతి తమ్ముడికి చెప్పనని నా మీద ఒట్టెయ్యమని మా ఆవిడ రత్తాలుని నిలబెట్టి అడిగాను. వేసింది.

మర్నాడు పొద్దున్నే జ్వరం, మెడ వాపు. మా ఆవిడ ఒట్టు తప్పలేదు గానీ ఒంట్లో బాగాలేదని తమ్ముడికి ఫోన్ చేసింది. వాడు కారు తెచ్చాడు. రేపల్లెలో ఆగితే అక్కడి డాక్టరు తెనాలి తీసుకెళ్లమన్నాడు. తెనాలి ఆసుపత్రిలో నేను గ్యాస్ నొప్పండి అన్నాను. గుండె పరీక్ష చేశారు, బాగానే ఉందన్నారు. మా బావ గుండెకేం కాదండి, అది రాయి అని సాయికుమార్ వాళ్లకి చెప్పి నవ్వాడు.

బాపట్ల నుంచి వచ్చి ఎండోస్కోపీ చేసే డాక్టరు పూర్ణచంద్రరావు గారు నా మెడ మీద వేళ్లతో నొక్కారు. చర్మం కింద చిటపటమంది. ఆయన మొహం మారిపోయింది.

"లోపల చిల్లు పడి గాలి బయటికొస్తోంది. ఏం మింగావో చెప్పయ్యా. ఇప్పుడైతే నోట్లోంచి గొట్టం దింపి మూసే వీలుంది. ఆలస్యమైతే ఛాతీ కొయ్యాలి."

ఛాతీ కోస్తే ఇక వల లాగే పని ఉండదు. సాయికుమార్ చేతులు కట్టుకుని పక్కనే నిలబడ్డాడు, బయటికి పొమ్మన్నా పోడు.

"వంజరం ముల్లండి," అన్నాను. "అన్నం ముద్దలు కూడా మింగాను."

"ఎన్ని?"

"ఐదండి."

సాయికుమార్ నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. దానికీ నాకు కోపమే వచ్చింది.

స్కానింగ్ తీసి, మత్తిచ్చి, కెమెరా గొట్టం దింపి ముల్లు లాగేశారు. నా ముద్దలే దాన్ని అన్నవాహిక గోడలోకి దిగ్గొట్టాయట. ఆ గొట్టంలోంచే బుల్లి క్లిప్పులు పంపి, చిల్లు అంచులు దగ్గరికి లాగి మూసేశారు. కోత లేదు, కుట్టు లేదు. నోటికి మాత్రం చుక్క నీళ్లు ఇవ్వలేదు. ఆహారమంతా ముక్కులో వేసిన సన్నటి గొట్టంలోంచే.

ఆరో రోజు ఏదో మందు తాగించి ఎక్స్‌రే తీశారు. ఎక్కడా కారడం లేదన్నారు. రత్తాలు చెంచాతో నీళ్లు పోస్తుంటే సాయికుమార్ మంచం పక్కకి వచ్చాడు.

"రేవులో అందరూ నీ గురించే అడుగుతున్నారు బావా."

"అందరికీ చెప్పేశావా?"

"ముల్లు వరకే చెబుదామనుకున్నా. ఐదు ముద్దలు కదా, ఆగలేకపోయా."

ఇప్పుడు రేవులో ఎవరింట భోజనానికి కూర్చున్నా, ముల్లు తీసి పెట్టమంటావా అని అడుగుతున్నారు. తీసి పెట్టమనే అంటున్నాను.