నాన్న తలుపు పట్టుకున్న రోజు

మా నాన్న లిఫ్ట్ నడుపుతాడు. ఒక పెద్ద ఆఫీసు భవనంలో, చిన్న స్టూలు మీద కూర్చుని, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎక్కేవాళ్లను ఎక్కించి దిగేవాళ్లను దించుతాడు. నేను పుట్టకముందు నుంచీ అదే పని. నోట్లో నాలుక లేని మనిషి. ఎవరైనా ఆయన కాలు తొక్కితే, తన కాలు అక్కడ ఉన్నందుకు తనే సారీ చెప్పే రకం. అలాంటి మనిషిని వెంటబెట్టుకుని యూనివర్సిటీలో హాస్టల్ గది సంపాదించడానికి బయలుదేరాను. తల్లో తండ్రో పక్కనుంటేనే గది ఇస్తారట. అమ్మకేమో బట్టల ఫ్యాక్టరీలో సెలవు దొరకలేదు.

"క్యూలో నువ్వు ముందు నిలబడు. మీ నాన్నని వెనక ఉంచు. ఆయన ముందుంటే అయినట్టే మన పని" అంది అమ్మ, టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ.

గది దొరక్కపోతే ఏమవుతుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. యూనివర్సిటీకి దగ్గర్లోనే అత్తయ్య, అంటే నాన్న చెల్లెలు, ఉంటుంది. ఇల్లంతా పాకే కవల పిల్లలు, మంచం పట్టిన అత్తగారు. మా పెదనాన్న కూతురు కూడా చదువుకోవడానికే వెళ్లి ఆ ఇంట్లో దిగింది. అప్పటికి కవలలు కూడా లేరు, ముసలావిడ ఒక్కతే. "ఇంట్లో మనిషివేగా, కాస్త చూడు తల్లీ" అంటూ అంటూనే ఏడాది తిరక్కుండా అక్క చదువు అటకెక్కింది. అత్తయ్య చెడ్డదేం కాదు. ప్రేమగానే పిలుస్తుంది. ప్రేమగా పిలిచినవాళ్లకి కుదరదని చెప్పడం మా ఇంటావంటా లేదు. అందుకే నాకు గది కావాలి. గది లేకపోతే నాకు చదువు లేదు.

అమ్మాయిల హాస్టళ్లు మూడు. ముందు అన్నీ తిరిగి చూసుకోవచ్చు, తర్వాత వార్డెన్ గదికి వెళ్లి కావలసిన గది చెప్పాలి. మొదటిది కొత్త భవనం. అందులో లిఫ్ట్ ఉంది. నాన్న దాన్ని చూడగానే చొక్కా సర్దుకుని, గొంతు సవరించుకుని ఎక్కాడు. పైకీ కిందకీ తిరిగొచ్చి, ముఖం వేలాడేసుకున్నాడు.

"మనిషి లేడమ్మా లోపల."

"బటన్ నొక్కితే అదే వెళ్తుంది నాన్నా."

"వెళ్తుందిలే. పలకరించేదెవరు?"

రెండోది వంటశాల వెనక. దిండ్లు కూడా మాడు వాసనే. మూడోది పాత భవనం, మెట్లెక్కేసరికి ఆయాసం వచ్చింది. మూడో అంతస్తులో చివరి గది. రెండు మంచాలు, ఒక కిటికీ, కుదురుగా నిలబడ్డ బల్ల. నేను లోపలికి వెళ్లి తలుపు మూసి గడియ వేశాను. మా ఇంట్లో గదికీ గదికీ మధ్య చీరే అడ్డం. ఎవరైనా దాన్ని పక్కకి లాగి వచ్చేయవచ్చు, నా పుస్తకం మీద కూరగాయలు తరగవచ్చు. నా జన్మలో నా కోసం నేను వేసుకున్న మొదటి గడియ అది. గుండె తేలికైపోయింది. ఏడుపొచ్చింది కూడా.

"బాగుందా?" బయటి నుంచి నాన్న అడిగాడు.

"ఇదే కావాలి నాన్నా."

"ఇదే తీసుకుందాం. దానికేం" అన్నాడు, గది తన జేబులో ఉన్నట్టు.

వార్డెన్ గది ముందు క్యూ మెట్ల దాకా ఉంది. అమ్మ చెప్పినట్టే నేను ముందు, నాన్న వెనక. ఆ గది తలుపుకి గట్టి స్ప్రింగు. చేయి వదిలితే చాలు, విసురుగా వచ్చి కొడుతోంది. మా ముందు చేతికర్రతో ఒక పెద్దావిడ మనవరాలిని తీసుకుని వెళ్తుంటే తలుపు ఆవిడ భుజానికి తగిలింది. అంతే. నాన్న ఒక్క అంగలో అక్కడికి చేరి అరచేత్తో తలుపు పట్టుకున్నాడు.

"మెల్లగా రండమ్మా. కాలు జాగ్రత్త."

ఆవిడ వెళ్లింది. నాన్న చేయి తీయలేదు. తర్వాతి వాళ్లు వచ్చారు. "రండి సార్, రండి." వాళ్లూ వెళ్లారు. చూస్తూ చూస్తూ ఉండగానే ఆయన నడుము నిటారు అయింది, ముఖం వెలిగింది, ఒక పాదం తలుపు కింద మోపుకున్నాడు. జనం ఆయన్ని అటెండరే అనుకున్నారు. మంచినీళ్లు ఎక్కడ అని ఒకాయన అడిగితే అప్పటికే తెలిసినట్టు చేయి చూపించాడు.

"నాన్నా, ఇటు రా!" అని పిలిచాను.

"వస్తున్నా తల్లీ. మన వంతు రానీ."

వంతు రానే వచ్చింది. "పద" అన్నాను. మా వెనక ఒకావిడ చంకలో పాప ఏడుస్తోంది. "పాపం, వీళ్లని పోనీ" అన్నాడు. వాళ్ల వెనక కాలికి కట్టున్న ఒకాయన. "ఆయనెంతసేపు నిలబడతాడమ్మా?" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయి ఒక్కదాన్నే లోపలికి దూసుకెళ్లాను.

"పెద్దవాళ్లెవరు?" గుమస్తా తల ఎత్తకుండానే అడిగాడు.

"మా నాన్న. బయట ఉన్నారు."

"తీసుకుని రా. నెక్స్ట్!"

బయటకొచ్చి నాన్న చొక్కా పట్టుకుని లాగాను. అప్పటికి క్యూ ముందుకు జరిగిపోయింది. మేం గడప దాటబోతుంటే వెనక నుంచి కేకలు మొదలయ్యాయి.

"ఏంటిది? స్టాఫ్ పిల్లలకి దొడ్డిదారా? మేం పొద్దుట్నించీ నిలబడ్డాం!"

"నేను స్టాఫ్ కాదండీ" అన్నాడు నాన్న.

"కాకపోతే ఇంతసేపూ తలుపెందుకు తీశావయ్యా?"

మాకు ఒక్క మాట సాయం చేయగలిగిన వాళ్లందరూ, పెద్దావిడా, పాప తల్లీ, కట్టున్నాయనా, ఆ తలుపులోంచే వెళ్లి, తాళాలు తీసుకుని, ఇంకో దారిన వెళ్లిపోయారు. "ఆయన మా ముందే ఉన్నాడు" అనేవాడు ఒక్కడు మిగల్లేదు. నేను అరిచాను. నా గొంతు నాకే వినపడలేదు.

"వాళ్లు అన్నదీ నిజమే కదమ్మా. నిలబడ్డారు కదా" అని నాన్న నా చేయి పట్టుకుని క్యూ చివరికి నడిపించాడు. నా చేతిలో ఆయన చేయి చల్లగా ఉంది. ఆయనకి అప్పటికే అర్థమైపోయింది.

మేం బల్ల దగ్గరికి చేరేసరికి గుమస్తా పెన్ను మూత పెడుతున్నాడు. మూడో అంతస్తు చివరి గది ఎప్పుడో పోయింది. వంటశాల వెనక కూడా మంచం లేదు. వచ్చే ఏడాది రమ్మన్నాడు. నాన్న ఆయనకి దండం పెట్టాడు. ఎందుకు పెట్టాడో ఆయనకే తెలియాలి.

ఉసూరుమంటూ అత్తయ్య ఇంటికి నడిచాం. దారిలో ఆయన రెండుసార్లు "అత్తయ్య మంచిదే" అన్నాడు. నాకు తిడదామనే ఉంది. తిడితే దానికీ సారీ చెబుతాడు. అది నాకు భరించే ఓపిక లేదు.

అత్తయ్య నవ్వుతూ ఎదురొచ్చి కవలల్లో ఒకర్ని నా చంకకెత్తింది. హాల్లో ముసలావిడ మంచం పక్కనే ఇంకో పక్క పరిచి ఉంది. ఉతికిన దుప్పటి, నాకని ఒక దిండు.

"గది దొరకలేదని నీకెవరు చెప్పారే?" నాన్న ఆశ్చర్యంగా అడిగాడు.

"ఒకరు చెప్పాలా అన్నయ్యా? తనకి సెలవు లేదు, నువ్వే తీసుకెళ్తున్నావని వదిన నిన్న ఫోన్లో అందిగా. పొద్దున్నే అత్తగారిని చూసుకునే ఆయాని మానిపించేశాను."

నాన్న నవ్వబోయి, ఆగి, నా వైపు చూశాడు. లోపల ముసలావిడ ఎవరినో పిలుస్తోంది. ఇన్నాళ్లూ ఆ పిలుపుకి ఆయా పలికేది కాబోలు. పిల్లని దించి నేను వెళ్లాను.