వసుమతి రుణచరిత్రము

చండభానుకిరణసంతప్తమైన వైశాఖమధ్యాహ్నము మెల్లమెల్లగా సాయంకాలమునకు లోబడుచుండ, కృష్ణాతీరమునందలి యొక చిన్నపట్టణపుటంచున కాలువగట్టు వెంబడి నారవేయబడిన అద్దకపు వస్త్రములు మంజిష్ఠరాగరంజితములై సంధ్య యింకను రాకమునుపే సంధ్యాకాంతిని వెదజల్లుచుండెను.

ఆ యారుబయలును, అందలి యద్దకపుశాలయు వసుమతివి. భర్త క్యాన్సరు వ్యాధిచే మరణించిన పిదప నతని యచ్చుదిమ్మలను తాను చేతబట్టి, చికిత్సకై బ్యాంకున చేసిన యప్పును, కొన్ని వాయిదాలు తప్పినను, తుదకు వడ్డీతో గూడ తీర్చివేసి, పరుల యెదుట చేయి చాపక పనివారలను పోషించుకొనుచుండిన యభిమానవతి యామె.

ఆ స్థలముపై కాంట్రాక్టరు చలమేశ్వరరావు కన్ను పడెను. అనతికాలముననే యది ప్రభుత్వభూమి యనియు, ఖాళీ చేయవలసినదనియు వసుమతికి నోటీసు వచ్చెను. ఆమె కచేరికి బోయి పాతసర్వే పటమును జూపుమని వేడుకొనగా, రికార్డుల యధికారి తలయెత్తకయే పలికెను.

“అది మూడో మనిషి సమాచారమండీ. ఇవ్వడానికి కుదరదు.”

“నా స్థలం పటం చూడ్డానికి నేను మూడో మనిషినా బాబూ?”

అతడు మరియొక దస్త్రమును విప్పెను. వసుమతి సమాచార హక్కు చట్టము ననుసరించి దరఖాస్తు చేసెను. అదియు నిరాకరింపబడగా పై యధికారికి అప్పీలు చేసికొనెను.

ఆ యప్పీలు విచారణకు రాకమునుపే యొక నాటి యుదయమున వసుమతి క్రెడిట్ రిపోర్టు పట్టణమునందలి ఫోనులన్నింటను ప్రత్యక్షమయ్యెను. ఆమె యెప్పుడెంత యప్పు చేసినదియు, ఏ నెల వాయిదా తప్పినదియు కాఫీహోటలు బల్లలయొద్ద జనులు బిగ్గరగా జదివి వినోదించిరి. ఏండ్లతరబడి యామెకు ముడిబట్ట నరువిచ్చుచుండిన మచిలీపట్నపు వర్తకుడు స్వయముగా వచ్చి గుమ్మమువద్దనే నిలిచెను.

“ఏమీ అనుకోకండమ్మా. ఇక అరువంటే మా అబ్బాయిలు ఒప్పుకోవటం లేదు.”

“అప్పంతా తీర్చేశాను గదండీ!”

“తీర్చారు. ఆలస్యంగా తీర్చారని కూడా అందులోనే ఉంది.”

ఆ సాయంకాలము, వసుమతి కాపురమునకు వచ్చిన నాటినుండి యామెతో నొక్క కంచమున దినిన నాంచారమ్మ రంగుచేతులు కడుగుకొని వచ్చి, “నా కూలి ఇవాళే ఇచ్చెయ్యమ్మా, రేపు నీ దగ్గర ఉంటుందో ఉండదో” అనెను. వ్యాపారులెల్లరు విముఖులైనను చలింపని వసుమతి యా మాటకు చలించి, కూలి లెక్కగట్టి యిచ్చి తలుపు వేసికొనెను.

బట్ట లేదు; నాంచారమ్మ వెంట తక్కిన పనివారును వెడలిపోయిరి. అట్టి తరుణమున చలమేశ్వరరావు మిక్కిలి మెత్తని కంఠముతో వచ్చెను. “గవర్నమెంటు తీసుకుంటే రూపాయి రాదు వసుమతమ్మా. మీ హక్కు నాకు వదులుకుంటున్నట్టు రాసివ్వండి, ఎంతో కొంత ఇస్తాను.” ఆమె వ్రాసియిచ్చెను.

శ్రావణమున నప్పీలు నెగ్గెను. రికార్డుల యధికారి పటమును బల్లపై బరచి, తానే యొక యుపకారము చేయుచున్న వానివలె చిరునవ్వు నవ్వెను.

“చూశారా, స్థలం మీదే. మీ మామగారి పేరే ఉంది.”

“ఆనాడే చూపిస్తే ఏం పోయింది బాబూ?”

“ఆనాడు ఆర్డరు లేదు గదండీ.”

వసుమతి యచ్చటినుండి తిన్నగా బ్యాంకునకు బోయి, తన రిపోర్టును వెలికిదీసి పరుల కిచ్చినవాడెవ్వడో చెప్పుడని మేనేజరు నడిగెను. ఆతడు కంప్యూటరు వంక జూచెను. ఆ పేరు తెరపై నతని కగుపడుచునేయుండెను.

“అది మా ఉద్యోగి వ్యక్తిగత సమాచారం. బయటపెట్టకూడదండీ.”

“మరి నాది?”

మేనేజరు గంట నొక్కి తరువాతివారిని బిలిచెను.

వసుమతి వెనుదిరుగగా, వరుసలో నిలిచియున్న జనులెల్లరు చటుక్కున ప్రక్కలకు జరిగి యామెకు వెడల్పుగా దారి యిచ్చిరి. ఆ దారి గౌరవమువలన నేర్పడినది కాదు; అప్పడుగునేమో యను భయమువలన నేర్పడినది. ఆమె తల వంచక, యెవ్వరి ముఖమును జూడక, యా దారిన నడచి వీథిలోనికి బోయెను.