ఎనిమిది మంది శ్రోతలు

ఎల్విరాకి మాట్లాడటం రాదంటే పండ్ల షెడ్డులో ఎవరూ నమ్మరు. పీచ్ పండ్లు ఏరే బెల్టు దగ్గర ముప్ఫై మంది ఆడవాళ్లని కంటిచూపుతో, అది చాలకపోతే ఒక్క కేకతో నడిపించే మేస్త్రి ఆమె. కానీ నలుగురి ముందు నిలబెట్టి నీ గురించి రెండు ముక్కలు చెప్పమంటే మాత్రం నాలుక అంగిట్లో అతుక్కుపోతుంది.

అందుకే కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ల చదువు ఆవిడకి తొమ్మిదేళ్లు పట్టింది. తప్పనిసరైన ఉపన్యాసాల క్లాసు ఒక్కటి తప్పించుకోవడానికి కుండల క్లాసులో చేరింది, నక్షత్రాలు లెక్కపెట్టింది, ఎవరూ అడక్కపోయినా రెండు టర్ములు పోర్చుగీసు వెలగబెట్టింది. చివరికి కౌన్సెలర్ ఫైలు మూసేసి, ఇక ఆమె చదవని క్లాసులు రెండే మిగిలాయనీ, ఒకటి ఉపన్యాసం, రెండోది వెల్డింగ్ అనీ చెప్పింది. వెల్డింగ్ ఎన్ని గంటలకని అడిగింది ఎల్విరా.

ఈ వసంతంలో యూనివర్సిటీ సీటిచ్చింది. టీచరు కోర్సు, నేరుగా మూడో ఏడాదిలో చేరొచ్చు. ఒక్కటే షరతు: జూన్ లోగా ఉపన్యాసాల క్లాసు పాసవ్వాలి. లేదంటే సీటు గోవిందా.

ఎల్విరా తెలివిగా ఆన్‌లైన్ క్లాసులో చేరింది. గది తలుపేసుకుని ఫోనుతో మాట్లాడితే సరిపోతుందనుకుంది మహాతల్లి. చేరాక నిబంధనలు చదివింది. ఆఖరి ఉపన్యాసానికి ఎదురుగా ఎనిమిది మంది పెద్దవాళ్లు కూర్చోవాలట. మొదట్లోనూ చివర్లోనూ వాళ్లందరినీ వీడియోలో చూపించాలట. ఏడు నిమిషాలపాటు ఆపకూడదు, ఎవరూ లేచి వెళ్లకూడదు. అంశం ఏదైనా సరే, వినేవాళ్లని ఒప్పించాలి.

ఎనిమిది మందంటే ఇంకెవరు, అత్తవారే. గడువు ఆదివారం సాయంత్రం ఆరింటికి. మూడింటికే పెరట్లో నిమ్మచెట్టు కింద అందరినీ కుర్చీల్లో కూర్చోబెట్టింది. భర్త ఫెర్మిన్ ఫోను పట్టుకున్నాడు. మంచినీళ్లు ఎక్కువగా ఎందుకు తాగాలో రాసుకున్న కాగితం తీసి ఆమె చదవడం మొదలుపెట్టింది.

రెండో నిమిషంలోనే మరిది నాచో చెయ్యెత్తాడు.

"వదినా, బీరులో ఉండేది కూడా నీళ్లేగా?"

అందరూ పగలబడి నవ్వారు. మళ్లీ మొదలు. ఈసారి ఆరు నిమిషాలు సాఫీగా నడిచింది. అంతలో అత్తగారు డోన్యా చెలా, పొయ్యిమీద చిక్కుడుగింజలు అడుగంటుతాయంటూ లేచి వెళ్లిపోయింది. ఎనిమిది ఏడయింది. నీళ్లు తాగమని ఈ వయసులో తనకొకరు చెప్పాలా అని వంటింట్లోంచి సణుగుడు వినపడింది. కుండలో నీళ్లు పోసి, మంట తగ్గించి, తీరిగ్గా వచ్చి కూర్చుంది. మూడోసారి ఫోను చార్జింగ్ అయిపోయింది. నాలుగోసారి పక్కింటి కుక్క. అయిదున్నర దాటింది.

ఎల్విరా కాగితం నలిపి జేబులో కుక్కుకుంది. షెడ్డులో బెల్టు ఆగినప్పుడు వచ్చే గొంతు వచ్చింది.

"ఫెర్మిన్, నొక్కు. ముందు అందరినీ చూపించు. నాచో, మూడుసార్లు తప్పిన డ్రైవింగ్ పరీక్ష నాలుగోసారి ఎవరు చదివిస్తే పాసయ్యావు? అత్తయ్యా, పౌరసత్వం ఇంటర్వ్యూకి మీతో నూరు ప్రశ్నలూ బట్టీ పట్టించింది ఎవరు? నేను మీ అందరికీ టీచర్నే. డిగ్రీ కాగితం ఒక్కటే లేదు. నాకది కావాలి. నాకు ఫలానాది కావాలని ఈ ఇంట్లో ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను."

ఇంకా చాలా అడిగింది. రెండేళ్లపాటు సాయంత్రాలు తనకి వదిలెయ్యమంది, ఎవరి వంట వాళ్లు చేసుకోమంది. మధ్యలో ఏడుపొచ్చింది, అయినా ఆపలేదు. నాచో బీరు సీసా కింద పెట్టేశాడు.

అయిదో నిమిషంలో మాడువాసన గుప్పుమంది. అందరి ముక్కులూ వంటింటివైపు తిరిగాయి. చిక్కుడుగింజలని ఆడపడుచు గొణిగింది.

"మాడనీ," అంది డోన్యా చెలా కళ్లు తుడుచుకుంటూ. "పిల్ల మాట్లాడుతోంది కదా."

చివర్లో ఫెర్మిన్ ఫోను తిప్పాడు. ఎనిమిది మందీ ఉన్నారు. ఆరింటికి నాలుగు నిమిషాలుండగా వీడియో వెళ్లింది.

గురువారం మార్కులొచ్చాయి. పాసైంది. కింద లెక్చరర్ ఒక ప్రశ్న రాశారు, ఆ మాడినవి ఏమయ్యాయని. ఎల్విరా అత్తగారికి చదివి వినిపించింది.

"ఒక్క గింజ పారెయ్యకుండా తిన్నామని రాయి," అంది డోన్యా చెలా. "ఇక రెండేళ్లూ మాకు అదే తిండని కూడా రాయి."