అయిదు మీది చుక్క

కామారెడ్డిలో చిన్న వ్యాపారులకు ఏర్పాటు చేసిన సైబర్ భద్రత శిక్షణలో, బోధించిన యువతి చివరగా ఒక ప్రశ్న వేసింది. "మీ గిరాకీల పిన్ నంబర్లు తెలిసినవాళ్లు చేతులెత్తండి."

హారిక చేయి ఒడిలోనే ఉండిపోయింది. పక్కవారి చేతులూ లేవలేదు.

"ఎక్కడ పైసలు పోయినా, నంబరు తెలిసినవాళ్లనే మొదట అడుగుతరు" అన్నది ఆ యువతి నవ్వుతూనే.

ఇంటికి తిరుగు దారిలో, ఎల్లారెడ్డి బస్సు తాడ్వాయి దాటినా హారిక మనస్సు కుదుటపడలేదు. తన కిరాణా కొట్టులో కార్డు గీకి డబ్బు తీసే చిన్న యంత్రం పెట్టిన నాటి నుంచి, బీడీలు చుట్టే అవ్వలందరూ కార్డుతో పాటు నంబరునూ ఆమెకే అప్పగించారు. నిత్యం చదివే సహస్రనామంలోనైనా నడుమ ఒక నామం జారిపోతుందేమో గాని, ఆ అంకెలలో ఒక్కటీ తప్పదు. మరువబోయిన కొద్దీ అవి వరుస కట్టి ముందుకు వచ్చాయి. నిన్నటి దాకా విశ్వాసమని మురిసినదే నేడు నేరానికి సాక్ష్యంలా తోచింది.

మరునాడు పొద్దున్నే ఆ అవ్వలలో ఒకరైన అంజవ్వ వచ్చి కార్డు గల్లా మీద పెట్టింది.

"కొట్టు బిడ్డా. నంబరు నీకెరుకే గద."

"ఇగ నేను కొట్టద్దట అవ్వా. నువ్వే కొట్టాలె."

"నాకు సదువొస్తదా? ఏందే, ఎవలన్న ఏమన్న అన్నరా? నేను నిన్ను దొంగన్ననా?"

కొట్టులోని వాళ్లంతా ఇటు తిరిగి చూశారు. ఎవరూ అనకుండానే ఆ మాట తన గడప తొక్కిందని హారికకు అనిపించింది.

"గట్ల గాదవ్వా. నాకు తెల్వని కొత్త నంబరు పెట్టుకుందువు, రా."

కొట్టు తలుపు దగ్గరగా వేసి, ముసలమ్మను ఏటీఎంకు తీసుకుపోయింది. పాత నంబరు చివరిసారిగా తానే కొట్టి, కొత్తదాని వంతు రాగానే బయటికి వచ్చి, అద్దానికి వీపు ఆనించి నిలిచింది.

"బిడ్డా, ఏది ఏడున్నదో తెలుస్తలేదే!" లోపలి నుంచి కేక.

వెనుక నిలిచిన పరాయి యువకుడు తలుపు తోశాడు. "నంబరు చెప్పవ్వా, నేను కొడత."

"చెప్త, ఆగు కొడుకా..."

"నోరు మూసుకో అవ్వా!" హారిక అరిచింది. పెద్దలతో ఆమె ఏనాడూ అంత పరుషంగా మాట్లాడలేదు.

"మంచికే వచ్చిన గదక్కా" అని యువకుడు నొచ్చుకున్నాడు.

నిజమే కావచ్చు. తానూ అవ్వల నంబర్లు మంచికే తెలుసుకున్నది కదా!

యంత్రం కూయసాగింది. హారిక లోపలికి దూరి, యువకునికి అడ్డుగా నిలిచి, యంత్రానికి వీపు పెట్టి కళ్లు మూసుకున్నది.

"అవ్వా, మీటల నడుమ వేలితోని తడుము. చుక్క తగుల్తదా?"

"బీడీల తునికాకు ఈనె లెక్క తగిలింది."

"గది అయిదు. ఎడమ దిక్కు నాలుగు, కుడి దిక్కు ఆరు. మీది వరుస ఒకటి, రెండు, మూడు. కింద ఏడు, ఎనిమిది, తొమ్మిది."

మీట మోగిన ప్రతిసారీ, ఆ చప్పుడు ఏ మూల నుంచి వచ్చిందో ఊహ పోకుండా ఆమె లోలోపల నామం జపించింది. యంత్రం మళ్లీ అడిగింది. మళ్లీ అదే మోత. నంబరు మారింది.

వీధిలోకి రాగానే అంజవ్వ ఆమె చెవికి నోరు చేర్చింది. "నీకొక్కదానికే చెప్తనే. రేపు యాది మరిస్తే ఎట్ల?"

హారిక రెండు చెవులూ గట్టిగా మూసుకున్నది. మరిస్తే ఎట్లనో ఆమెకూ తెలియదు. దూరంగా, మూసిన కొట్టు ముందు, తక్కిన అవ్వలు కార్డులు చేతబట్టుకుని ఆమె కోసం కూర్చున్నారు.