చివరి ఓవరులో కుర్చీ చప్పుడు

మా డైరెక్టరుగారికి ఏ పనైనా మంట అంటుకున్నాకే గుర్తొస్తుంది. క్రికెట్ ఫైనలు ఇంకా మూడు రోజులుందనగా నా గదిలోకి వచ్చి నిలబడ్డారు.

"యాభై ఏళ్ళ పోటీ అమ్మా! మనకీ అవతలివాళ్ళకీ మధ్య మరిచిపోలేని పది ఘట్టాలు. అరగంట కార్యక్రమం. మ్యాచికి ముందు వెయ్యాలి."

"యాభై ఏళ్ళుగా ఆడుతున్నారు కదండీ. మూడు రోజుల ముందా చెప్పేది?"

"మీరుండగా నాకేం భయం," అన్నారు. మనిషిని ములగచెట్టు ఎక్కించడంలో ఆయన తర్వాతే ఎవరైనా. వెళ్తూ వెళ్తూ, "ఆ కుర్చీకి కాస్త నూనె వేయించండి. మీరు కదిలితే పక్క గదిలోకి వినిపిస్తోంది," అని ఒక చురక కూడా అంటించారు.

రేడియో స్టేషనులో శబ్దాలు కోసి అతికించడం నా ఉద్యోగం. ఇరవై ఆరేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ దగ్గులు, తుమ్ములు, నీళ్ళు నమలడాలు కోసి పారేసి, వాళ్ళను మహావక్తలను చేసి వదిలాను. నన్నందరూ చెవులమ్మ అంటారు. ఎదురుగా అన్నా నాకు కోపం రాదు. కోపం వచ్చేది ఒక్కదానికే. క్రికెట్ మ్యాచి చివరి ఓవరులో నన్ను బల్ల దగ్గర కూర్చోమంటే. ఆ ఆరు బంతులూ ఎవరికో అప్పగించి వరండాలోకి వెళ్ళిపోతాను. డైరెక్టరుగారికి అది తెలుసు, కారణం తెలియదు. ఎవరికీ తెలియదు.

నాన్న దర్జీ. అవతలివాళ్ళతో మన ఊళ్ళో మ్యాచి ఉంటే తప్ప దుకాణం మూసేవాడు కాదు. గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని మాట్లాడీ మాట్లాడీ, సూదులు లేనప్పుడు కూడా మాట నోటి ఎడమ మూల నుంచే వచ్చేది, చివర చిన్న ఈలతో. చొక్కా కోసం నాలుగోసారి తిరిగినవాడికి కూడా "ఇంకా అయిపోలేదు" అని అంతే తియ్యగా చెప్పేవాడు. నాకు పదకొండేళ్ళప్పుడు నన్ను మ్యాచికి తీసుకెళ్ళాడు. కామెంటరీ గది కింద సిమెంటు మెట్ల మీద కూర్చున్నాం. ఆట చివరి ఓవరుకు వచ్చేసరికి ఇక చూడలేకపోయాను. లేచాను. "కూర్చో తల్లీ, ఇంకా అయిపోలేదు," అన్నాడు. నేను వినలేదు. మెట్ల కిందికి దిగిపోయి, గోడకు మొహం పెట్టి, చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నాను. అరుపులకు గోడ అదిరాక పైకి పరిగెత్తాను. మనవాళ్ళు గెలిచారు. జనమంతా ఎగురుతున్నారు, నాన్న ఒక్కడూ కూర్చునే ఉన్నాడు. గుండె ఆగిపోయిందని తర్వాత డాక్టరు చెప్పాడు.

ఇంటికి తెచ్చాక అమ్మ అడిగింది. "నువ్వు పక్కనే ఉన్నావు కదమ్మా?"

"ఉన్నానమ్మా," అన్నాను.

ఆ ఒక్క మాట పట్టుకుని అమ్మ ఇరవై తొమ్మిదేళ్ళు బతికింది. "ఒంటరిగా పోలేదు, పిల్ల పక్కనే ఉంది," అని ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. విన్న ప్రతిసారీ నాకు వంటగదిలో ఏదో పని గుర్తొచ్చేది.

సరే, పది ఘట్టాలు. టేపుల గది నేలమాళిగలో ఉంటుంది. బయట ఎంత ఎండ కాచినా అక్కడ చేతులు చల్లబడతాయి. పాత రీళ్ళు పైకి తెచ్చుకుని ఒక్కొక్కటే ఎక్కించాను. మొదట వేలెడు తేడాతో జరిగిన రనౌట్. కామెంటేటరు ఊపిరి బిగబట్టిన చోట, జనం హోరు అడుగున, ఎవరో రెండుసార్లు గొంతు సవరించుకున్నారు. తర్వాత ఒక మాట.

"కూర్చో తల్లీ, ఇంకా అయిపోలేదు."

ఎడమ మూల నుంచి. చివర ఈల.

టేపు ఆపేశాను. నాన్న పోయిన ఆరేళ్ళకు జరిగిన మ్యాచి అది. నాకు వయసు మీదపడి చెవులు మోసం చేస్తున్నాయనుకుని ఇంకో రీలు పెట్టాను. వానలో ఆగి, మర్నాడు మూడు బంతులకే ముగిసిన ఆట. నాన్న పోయిన తొమ్మిదేళ్ళకు. సముద్రం అవతల, వాళ్ళ గడ్డ మీద. అందులోనూ అదే గొంతు సవరింపు, అదే మాట. సమమైన మ్యాచిలో ఉంది. వాళ్ళ కెప్టెను అంపైరు చెప్పకముందే తనంతట తాను నడిచి వెళ్ళిపోయిన మ్యాచిలో ఉంది. నాన్న పోయాక జరిగిన ఆరు ఘట్టాలు ఎక్కిస్తే ఆరింటిలోనూ ఉంది. మధ్యాహ్నం మూడు గంటల వేళ, కిటికీలోంచి ఎండ బల్ల మీద పడుతుంటే, నాకు వెన్నులో చలి పుట్టింది.

భయం తీరే దారి ఒకటే కనిపించింది. నాకు పని నేర్పిన పెద్దాయనకు ఫోను చేశాను. రిటైరై పదిహేనేళ్ళయింది. ఆ మ్యాచిలన్నీ రికార్డు చేసింది ఆయనే.

విని నవ్వేశాడు. "అదా! దయ్యం కాదమ్మా, నా కక్కుర్తి. రీలు నిండాక ఇంకోటి ఎక్కించేలోపు అయిదారు సెకన్లు ఖాళీ వచ్చేది కదా. రాత్రి మళ్ళీ ప్రసారం చేసేముందు ఆ ఖాళీలో జనం హోరు అతికించేవాణ్ణి. ఒక రోజు మన ఊరి మ్యాచిలో కామెంటరీ గది కిందకి వేరే మైకు వేలాడదీశాను. ఆహా, అలాంటి హోరు మళ్ళీ దొరకలేదు! ఇరవై ఏళ్ళు అదే వాడాను. ఆ రీలు మీద తెల్ల గుర్తు పెట్టుకుని, అక్కడి నుంచి మొదలుపెట్టేవాణ్ణి."

"అందులో మాట వినబడుతోందండీ."

"అవునా? నా ఎడమ చెవి అప్పటికే పోయింది. ఇప్పుడు పైవాళ్ళకు చెప్పకు తల్లీ, పింఛను ఆపేస్తారు."

ఫోను పెట్టేశాక నాకు ఏడుపొచ్చింది. భయంతో కాదు. ఇరవై ఏళ్ళు ప్రతి మ్యాచిలోనూ, రేడియో ఉన్న ప్రతి ఇంట్లోనూ మా నాన్న ఎవరికీ తెలియకుండా మాట్లాడుతూనే ఉన్నాడన్నమాట. నేను తప్ప అందరూ విన్నారు. చివరి ఓవర్లకు నేనెప్పుడూ వరండాలోనే కదా!

ఆ అసలు రీలు అడుగు అరలో దొరికింది. అట్ట మీద "జనం – 3" అని పెద్దాయన రాత. దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. నేను వెళ్ళిపోయాక ఏం జరిగిందో అందులో ఉంటుంది. నన్ను పిలిచాడా, నేను లేనని ఆయనకు తెలిసిందా... ముప్ఫై ఎనిమిదేళ్ళుగా నన్ను తినేస్తున్న ప్రశ్న అదే. వినకపోతే బతకగలను, అలవాటైంది. వింటే ఏమవుతుందో తెలియదు. చివరికి, గోతిలో పడ్డదాన్ని లోతు చూసుకోవడానికేం భయమని ఎక్కించేశాను.

తెల్ల గుర్తు దాటింది. "కూర్చో తల్లీ, ఇంకా అయిపోలేదు." వెంటనే పదకొండేళ్ళ నేను: "నేను చూడలేను నాన్నా. అరుపులు వినపడగానే వస్తా." చెప్పుల చప్పుడు. ఒక బంతి. హోరు. ఇంకో బంతి. నాన్న దగ్గాడు. "తల్లీ," అన్నాడు. కాసేపాగి, గొంతు తగ్గించి, "తల్లీ, ఎక్కడున్నావ్?"

అదీ నా జవాబు. పిలిచాడు. నేను లేను.

హెడ్‌ఫోన్లు తీసేయబోతుండగా కిర్రుమని చప్పుడైంది. నా కుర్చీయే కదిలిందనుకున్నాను. టేపు వెనక్కి తిప్పి, ఈసారి కుర్చీని దూరంగా నెట్టి, నిలబడి విన్నాను. మళ్ళీ అదే చోట కిర్రుమంది. అక్కడ ఉన్నవన్నీ సిమెంటు మెట్లు. కుర్చీ ఎక్కడిది?

ఆ కిర్రు వెనకే ఒక ఆడ గొంతు. నడివయసు మనిషి. "ఇక్కడే ఉన్నా నాన్నా. కూర్చున్నా."

"ఎంత కావాలి తల్లీ? కళ్ళు మసగ్గా ఉన్నాయి."

"ఒక్క బంతి నాన్నా. మూడు పరుగులు."

"కొడతాడంటావా?"

"కొడతాడు నాన్నా. నాకు తెలుసు."

నాన్న చిన్నగా నవ్వాడు. తర్వాత ఆ హోరు.

ఎవరావిడ? వెనక మెట్టు మీద కూర్చున్న ఏ తల్లో అయి ఉంటుంది, నాన్న అవస్థ చూసి కూతురిలా బదులు చెప్పిందనుకున్నాను. ఆవిడకు మనసులో దణ్ణం పెట్టుకున్నాను. పెట్టుకుంటూనే కుళ్ళుకున్నాను. నేను చెప్పాల్సిన మాట పరాయి మనిషి చెప్పింది. ఆ గొంతు ఎక్కడా విన్న గుర్తు లేదు. ఇరవై ఆరేళ్ళలో వేల గొంతులు కోశాను, ఒకసారి విన్నది మరిచిపోను. అదొక్కటే అంతుపట్టలేదు.

కార్యక్రమం పూర్తి చేసిచ్చాను. నాన్న మాటను ఆరు చోట్లా ఉండనిచ్చాను. శబ్దం కోయకుండా వదిలేయడం నా ఉద్యోగంలో అదే మొదలు.

ఫైనలు రోజు వచ్చింది. మ్యాచి వాళ్ళ దేశంలోనూ కాదు, మన దేశంలోనూ కాదు, మూడో చోట. కామెంటరీ తీగ మీద నేరుగా నా బల్లకు వస్తోంది. పక్కన డైరెక్టరుగారు ఇంకో జత హెడ్‌ఫోన్లు పెట్టుకుని గోళ్ళు కొరుకుతున్నారు. మనవాళ్ళది రెండో బ్యాటింగు. గెలుస్తారు, ఓడతారు, మళ్ళీ గెలుస్తారు. ఈ పోటీ యాభై ఏళ్ళుగా ఇంతే, తిన్నన్నం అరగనివ్వదు. సాయంత్రం నాలుగున్నరకు చివరి ఓవరు వచ్చింది.

"మీరు చూసుకోండి," అని లేచాను.

"ఈ ఒక్కసారి కూర్చోకూడదూ?" అన్నారు డైరెక్టరుగారు.

తల అడ్డంగా ఊపి, బల్ల పక్కనే నిలబడ్డాను. హెడ్‌ఫోన్లు మాత్రం తీయలేకపోయాను. నాలుగు బంతులు పోయాయి. అయిదో బంతికి వికెట్ పడింది. కామెంటేటరు లెక్క చెప్పాడు. "ఒక్క బంతి. మూడు పరుగులు."

టేపులో ఆ ఆడగొంతు చెప్పిన లెక్కే. చెవుల్లో ఆ పరాయి దేశపు జనం హోరు సన్నగిల్లింది. సన్నగిల్లి, దాని అడుగు నుంచి వేరే హోరు పైకి తేలింది. నాకు తెలిసిన హోరు. సిమెంటు మెట్ల హోరు. ఎవరో రెండుసార్లు గొంతు సవరించుకున్నారు.

"తల్లీ," అన్నాడు. "తల్లీ, ఎక్కడున్నావ్?"

డైరెక్టరుగారి వంక చూశాను. ఆయన గోళ్ళే కొరుకుతున్నారు. ఆయనకేమీ వినబడలేదు.

కాళ్ళు వరండా వైపు లాగాయి. పదకొండేళ్ళ కాళ్ళే అవి, ఇన్నేళ్ళొచ్చినా బుద్ధి రాలేదు. ఎడమ చేత్తో బల్ల పట్టుకున్నాను. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. అది కిర్రుమంది.

"ఇక్కడే ఉన్నా నాన్నా," అన్నాను. "కూర్చున్నా."

బల్ల పట్టుకున్న చేయి కామెంటరీ గదితో మాట్లాడే మీట మీద పడింది కాబోలు, నా గొంతు నా చెవుల్లోకే తిరిగొచ్చింది. ఇరవై ఆరేళ్ళలో నా గొంతు నేను తీగ మీద వినడం అదే మొదటిసారి. విన్నాను. జనం – 3లోని ఆడమనిషి.

"ఎంత కావాలి తల్లీ? కళ్ళు మసగ్గా ఉన్నాయి."

భయం వేసింది. చాలా వేసింది. కానీ ఆయనకు అంతకన్నా ఎక్కువ వేస్తుండాలి, ఆ చీకట్లో.

"ఒక్క బంతి నాన్నా. మూడు పరుగులు."

"కొడతాడంటావా?"

ఆ రోజు స్కోరు నాకు కంఠతా వచ్చు. "కొడతాడు నాన్నా. నాకు తెలుసు."

ఎడమ మూల నుంచి ఈలలాంటి చిన్న నవ్వు. తర్వాత హోరు. గోడకు మొహం పెట్టుకోకుండా, చెవుల్లో వేళ్ళు లేకుండా, మొదటి నుంచి చివరి దాకా విన్నాను. అది తగ్గేసరికి మళ్ళీ పరాయి దేశపు జనం, మళ్ళీ మన కామెంటేటరు. బంతి గాల్లోకి లేచిందనీ, గీత దగ్గర పట్టేశారనీ, మనం ఓడిపోయామనీ చెబుతున్నాడు.

అమ్మతో నేను అన్న మాట అబద్ధం కాదు. ఆ మాట నిజం కావడానికి ముప్ఫై ఎనిమిదేళ్ళు పట్టింది, అంతే. చెబుదామంటే అమ్మ లేదు. బల్ల మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాను.

డైరెక్టరుగారు కూడా కళ్ళు తుడుచుకుంటున్నారు. ఇద్దరం ఒకే దానికి ఏడుస్తున్నామని ఆయన అనుకున్నారు. నా భుజం తట్టి, "అంత గట్టిగా చెప్పారు కదమ్మా, కొడతాడని," అన్నారు.

"కొట్టాడండీ," అన్నాను.