గోళీ వాళ్ళమ్మ నడిచిన చెక్క

పొద్దున్నే బడి గేటు తాళం తీయగానే టీచరమ్మ చేసే మొదటి పని, ఆ రోజు పిల్లలకు పెట్టబోయే పరీక్షలన్నీ ముందు తాను చేసి చూడటం. అరవైకి దగ్గర పడుతున్న మనిషి, పిల్లల కుర్చీలో ఇరుక్కుని కూర్చుని, చెంచాతో చిక్కుడు గింజలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి మార్చేది. చుక్క కింద పడకుండా కూజాలోంచి గ్లాసులోకి నీళ్ళు వంచేది. గుడ్డసంచిలో చెయ్యి పెట్టి, చూడకుండానే, ఇది తాళంచెవి, ఇది దువ్వెన అని పైకి చెప్పుకునేది. "మనకు చేతకానిది వాళ్ళకు పెడితే ఎలాగే?" అనేది ఆయాతో. ఆయా నవ్వాపుకోలేక చీపురు పట్టుకుని అవతలికి పోయేది.

లోపలివి అయ్యాక పెరట్లోవి. సగం నీళ్ళున్న చిన్న బకెట్‌ని ఒలకకుండా మొక్కల దాకా మొయ్యడం, టైరు దొర్లించడం, ఒకదానికొకటి పోలిక లేని ఆకులు ఏరుకు రావడం. అన్నిటికన్నా చివర, చెక్క.

చెక్క అంటే గొప్పదేం కాదు. ఎవరో ఇల్లు కట్టుకుంటూ వదిలేసి పోయిన బల్ల. జానెడు వెడల్పు, మోకాలెత్తు, రెండు పాత టైర్ల మీద ఆనించి ఉండేది. చెప్పులు విప్పేసి, ఎవరినీ పట్టుకోకుండా, ఈ చివర ఎక్కి ఆ చివర దిగాలి. ఎక్కినవాళ్ళకు భయం ఎంతుంటే చెక్క అంత పొడుగు సాగేది. భయం లేని పిల్లలకు నాలుగడుగులు. బెదురు పిల్లలకు గోడ మీదుగా వీధిలోకి పోయేది. మధ్యలో దానికి ఆధారం ఏమీ ఉండేది కాదు, ఉండాలని ఎవరికీ తోచనూ లేదు. చెక్క రావడం చూడగానే ఎదురుగా సైకిల్ షాపతను గాలి పంపు పక్కకు జరిపి, "రా నాయనా రా, కిందకు చూడకు" అని మళ్ళీ పంక్చర్ పనిలో పడేవాడు. ఎక్కడ దిగితే అక్కడికి ఆయా వెళ్ళి పిల్లల్ని వెనక్కి తీసుకొచ్చేది. వాళ్ళు దిగిన మరుక్షణం చెక్క టక్కున పెరట్లోకి వచ్చి పడేది.

కోడలితో మాటామాటా పెరిగి, సాయంత్రం ఇంటికెలా వెళ్ళాలా అని బెంగగా ఉన్న రోజున, టీచరమ్మకే అది షాపు దాటి వీధి మలుపు దాకా సాగేది. దాని మీద నడిచొస్తున్న ఆమెను చూసి సైకిల్ షాపతనికి సంగతి అర్థమయ్యేది. పైకి మాత్రం మర్యాదగా నమస్కారం పెట్టేవాడు.

ఆ బడిలో ఈ మధ్యే చేరింది గోళీ. నాలుగేళ్ళ పిల్ల. గుండ్రటి కళ్ళు కాబట్టి అందరూ గోళీ అనే పిలిచేవాళ్ళు. గోళీతో పాటు వాళ్ళమ్మ కూడా చేరినట్టే అయింది. తండ్రి లారీ మీద ఊళ్ళు తిరిగే మనిషి. పిల్లకు రెండేళ్ళప్పుడు, తల్లి నీళ్ళు పట్టుకురావడానికి అటు వెళ్ళి ఇటు వచ్చేలోపు, జ్వరానికి ఫిట్స్ వచ్చాయి. ఆ తర్వాత మళ్ళీ రాలేదు, ఇక రావని డాక్టరు కూడా చెప్పాడు. కానీ ఆ తల్లి ఆ రోజు నుంచి పిల్ల చెయ్యి వదల్లేదు. రెండు చోట్ల పనికి కుదిరి, రెండు చోట్లా పని మధ్యలో లేచి పిల్ల దగ్గరికి పరిగెత్తుకొచ్చి, పని పోగొట్టుకుంది.

చెక్క దగ్గరా అదే తంతు. పిల్ల ముందు, చెయ్యి గట్టిగా పట్టుకుని తల్లి వెనక. చెక్క సైకిల్ షాపు దాటేది, మలుపు తిరిగేది, ఇంకెక్కడికో కనపడకుండా పోయేది. గోడ దాకా వెళ్ళేసరికి "చాల్లే తల్లీ, రేపు చూద్దాం" అని వెనక్కి తిప్పేది వాళ్ళమ్మ.

"పాపం, పిల్ల మరీ పిరికిది" అనుకుంది టీచరమ్మ. అందుకని తేలికవి ఇచ్చేది. గుమ్మం దగ్గర పిల్లల చెప్పులన్నీ కలిపేసి, జతలు చెయ్యమనేది. గోళీ చిటికెలో జతలు చేసేసి, ఆవలించి, ఇంకేం లేవా అన్నట్టు చూసేది. ఆ చూపు టీచరమ్మ పట్టించుకోలేదు.

ఒకరోజు పొద్దున గోళీ వాళ్ళమ్మ నున్నగా తల దువ్వుకుని, చేతిలో టిఫిన్ డబ్బాతో వచ్చి గేటు దగ్గర నిలబడిపోయింది.

"బట్టలు కుట్టే కార్ఖానాలో పని దొరికిందండీ. రైలు గేటు అవతల. సైరన్ మోగేటప్పటికి మిషను ముందు ఉండాలన్నాడు మేస్త్రి. లేకపోతే ఇంక మొహం చూపించొద్దన్నాడు. ఇది కూడా పోతే నాకు ఇంకెవరిస్తారండీ పని?"

"మరి నిలబడ్డావేం? బయల్దేరు. నేను లేనా?"

"ఒక్కసారి చెక్క దాటించి వెళ్తానండీ. అది దాటిందంటే నాకు ధైర్యం వస్తుంది."

కాదంటే ఇంకా ఆలస్యమని టీచరమ్మ ఊరుకుంది. చెప్పులు విప్పి, డబ్బా చంకన పెట్టుకుని, పిల్లను ముందు నిలబెట్టి ఆమె ఎక్కింది. చెక్క సర్రున గోడ దాటి పోయింది. వీధిలోంచి గాలి పంపు జరిపిన చప్పుడు వినపడింది.

"అమ్మా, నా చెయ్యి నొప్పి పుడుతోంది. ముక్కు దురద కూడా" అని గోళీ చెయ్యి లాగేసుకుంది. ముక్కు గోక్కుంది. తర్వాత తన పాటికి తాను నాలుగడుగులు వేసి, అవతలి టైరు మీంచి ఇసుకలోకి దూకింది.

వాళ్ళమ్మ కాళ్ళ కింద చెక్క మాత్రం ఒక్క వేలెడు కూడా తగ్గలేదు.

టీచరమ్మకు అప్పుడు వెలిగింది. ఇన్నాళ్ళూ ఆ పొడుగంతా పట్టుకున్న చేతిది, పిల్లది కాదు. ఆమెకు సిగ్గేసింది. ఇన్ని రోజులూ ఆ పిల్ల చేత చెప్పులు సర్దించానే అనుకుంది.

"దిగిపోతానండీ" అంది గోళీ వాళ్ళమ్మ పైనుంచే.

టీచరమ్మ నోరు తెరిచేలోపే గోళీ అందుకుంది. "దిగకూడదమ్మా, అలా దిగితే ఆట కాదు. చేతులు ఇలా చాపు. కిందకు చూడకు. నేను చూస్తున్నాగా."

తల్లి పిల్ల వైపు చూసింది. ఇసుకలో నిలబడి ఉంది, బాగానే ఉంది. ఆమె చేతులు చాపింది. ఒక చేతిలో డబ్బా ఊగుతోంది. ఒకడుగు, ఇంకోటి. గోడ దాటింది. "రామ్మా రా, కిందకు చూడకు" అన్న మాట వినపడింది. ఆ తర్వాత ఆమె కనపడలేదు.

గోళీ చెక్క ఈ చివర అరచెయ్యి ఆనించి కూర్చుంది. "అమ్మ నడుస్తోంది" అని కాసేపటికోసారి చెప్పేది. మిగిలిన పిల్లలు బకెట్లు మోస్తూ నీళ్ళన్నీ కాళ్ళ మీద పోసుకుంటున్నా టీచరమ్మకు పట్టలేదు. చెక్క మీద చెయ్యి వేసి చూసింది. సన్నగా అదురుతోంది.

దూరంగా సైరన్ అందుకుంది. అయిపోయింది, చేజేతులా ఆమె పని పోగొట్టాను అనుకుంది టీచరమ్మ. సైరన్ మోగుతూనే ఉంది, చెక్క ఇంకా అదురుతూనే ఉంది. అంతలో టక్కున వచ్చి పెరట్లో పడింది. అవతలి చివర నీలం రంగు దారప్పోగు చుట్టుకుని ఉంది. సైరన్ అప్పుడు ఆగింది.

"అమ్మ దిగేసింది" అంది గోళీ, లేచి టైరు దొర్లించుకుంటూ వెళ్ళిపోయింది. టీచరమ్మ అక్కడే ఇసుకలో చతికిలబడింది. ఆయా మంచినీళ్ళు తెచ్చిస్తే గ్లాసు మొత్తం ఒక్క గుక్కలో తాగేసింది.

సాయంత్రం గోళీ వాళ్ళమ్మ రోడ్డు మీద నడిచే వచ్చింది, వట్టి కాళ్ళతో.

"సరిగ్గా మిషను పక్కనే దిగానండీ. చెక్క తగలకుండా మేస్త్రి తల వంచి, 'ఆలస్యంగానే వచ్చావు, కూర్చో' అన్నాడు. కూర్చున్నాక ఆగింది సైరన్. రేపు కూడా రమ్మన్నాడు."

"మధ్యాహ్నం పరిగెత్తుకు రావాలనిపించలేదూ?"

"ఎందుకనిపించదండీ? లేచాను కూడా. చెప్పుల్లేవుగా, మళ్ళీ కూర్చున్నాను." అని నవ్వింది. తర్వాత కళ్ళు తుడుచుకుంది. "కూర్చున్నాక ఏమీ కాలేదండీ. ఏమీ కాలేదు."

గేటు పక్కన ఆమె చెప్పులు జతగా పెట్టి ఉన్నాయి, వేసుకుని వెళ్ళడానికి వీలుగా వీధి వైపు తిప్పి. గోళీ వాటిని చూపించి, తల్లి వేసుకునేదాకా ఆగింది.

"చెయ్యి పట్టుకోనా అమ్మా?"

"రోడ్డు దాటేదాకా పట్టుకో."

టీచరమ్మ గేటు దగ్గర నిలబడి చూసింది. ఇద్దరూ అటూ ఇటూ చూసుకుని రోడ్డు దాటారు. అవతలికి చేరగానే గోళీ చెయ్యి లాక్కుంది. వాళ్ళమ్మ వదిలేసింది.